కెర్నెల్ మరణ వాంగ్మూలాన్ని ఎవరు రాసుకోవాలి?

నమస్కారం. సర్వర్లు నడిపేవాళ్లు, డ్రైవర్లు రాసేవాళ్లు, చిన్న బోర్డుల మీద లైనక్స్ ఎక్కించి ఫీల్డులోకి పంపేవాళ్లు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. మీకు తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. రాత్రి ఏదో ఒక వేళ మెషీన్ తనంతట తాను రీబూట్ అవుతుంది. పొద్దున లాగిన్ అయి లాగ్ తెరుస్తాం. ఒక లైను దాకా అంతా మామూలే. దాని తర్వాతి లైను కొత్త బూట్‌లో మొదటి లైను. ఏ డ్రైవర్ తప్పు చేసింది, ఏ ఫంక్షన్లో కూలింది, అసలు అది క్రాషేనా లేక కరెంటు పోయిందా? మనకు కావాల్సిందంతా ఆ రెండు లైన్ల మధ్య ఉండాలి. అక్కడ ఏమీ లేదు.

ఇలాంటప్పుడు "మళ్లీ వస్తే చూద్దాం" అనుకుని వదిలేస్తాం. నెలకోసారి వచ్చే క్రాష్ మళ్లీ నెలకు వస్తుంది. అప్పుడూ లాగ్ ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే ఈలోగా మనం ఏమీ మార్చలేదు. కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను: క్రాష్ లాగ్ ఎక్కడికి వెళ్లాలో క్రాష్ కాకముందే నిర్ణయించుకోవాలి. అయ్యాక మన చేతిలో ఉండేది చాలా తక్కువ.

ఆ ఖాళీ ఎలా ఏర్పడుతుందో ముందు చూద్దాం. లైనక్స్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, దాని లోపలి పని అందరూ చూడగలరు కాబట్టి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఏ మూల నుంచి మెసేజ్ వచ్చినా ప్రింట్‌కే అనే ఫంక్షన్ ద్వారా ఒక రింగ్ బఫర్‌లో పడుతుంది. ఆ బఫర్ ఉండేది ర్యామ్‌లో. చాలా సిస్టమ్‌లలో దాని సైజు 128 కేబీయో 256 కేబీయో ఉంటుంది. నిండితే పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. దాన్ని చదివి డిస్కుకు చేర్చే పని జర్నల్‌డీ, ఆర్‌సిస్‌లాగ్ లాంటి మామూలు ప్రోగ్రాములది. అవి చదవాలి, ఫైల్లో రాయాలి, రాసింది ర్యామ్‌లోని తాత్కాలిక నిల్వ అయిన పేజ్ కాష్ నుంచి డిస్కు మీదికి దిగాలి. జర్నల్‌డీ డిఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారి సింక్ చేస్తుంది. క్రిటికల్, అంతకు పైస్థాయి మెసేజ్ వస్తే మాత్రం వెంటనే చేస్తుంది. ఇది విని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ ప్యానిక్ వచ్చిన క్షణాన, అంటే ఇక ముందుకు సాగలేనని చేతులెత్తేసినప్పుడు, కెర్నెల్ మిగతా సీపీయూలన్నిటినీ ఆపేస్తుంది. ఇక ఏ ప్రోగ్రామూ నడవదు. జర్నల్‌డీ ఆ మెసేజ్‌ను చదివే అవకాశమే ఉండదు. ర్యామ్‌లో ఉన్నది ర్యామ్‌లోనే ఉండి రీబూట్‌తో పోతుంది.

ఇక్కడే ఒక చిన్న సంగతి. వార్ లాగ్ జర్నల్ అనే డైరెక్టరీ లేకపోతే జర్నల్‌డీ డిఫాల్ట్ సెట్టింగ్‌లో లాగ్‌లను రన్ డైరెక్టరీ కింద పెడుతుంది. అదీ ర్యామే. అంటే క్రాష్ మాట అలా ఉంచండి, మామూలు రీబూట్‌కి కూడా పాత లాగ్ మిగలదు. ఇంటికి వెళ్లాక అన్నిటికంటే ముందు ఇది చూసుకోండి.

మరి ప్రోగ్రాముల మీద ఆధారపడకుండా కెర్నెలే నేరుగా ఫైల్లో రాసేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. ఒక ఫైల్లో నాలుగు లైన్లు రాయాలంటే ఇంకెవరూ అదే సమయంలో ముట్టుకోకుండా ఫైల్‌సిస్టమ్ లాక్‌లు తీసుకోవాలి, మెమరీ కేటాయించుకోవాలి, డిస్క్ డ్రైవర్‌కు పని ఇచ్చి, పని అయిందని డిస్క్ పంపే ఇంటరప్ట్ కోసం ఎదురుచూడాలి. ప్యానిక్ సమయంలో ఆ లాక్ ఇంకో సీపీయూ చేతిలో ఉండొచ్చు. ఆ సీపీయూను మనమే ఆపేశాం, ఇక అది ఎప్పటికీ లాక్ వదలదు. ఇది సగం సమస్య. మిగతా సగం ఇంకా ప్రమాదకరమైనది. కెర్నెల్ ఎందుకు కూలింది? ఏదో ఒక డేటా స్ట్రక్చర్ పాడైంది కాబట్టి. పాడైంది ఫైల్‌సిస్టమ్‌దే కాదని ఏమిటి భరోసా? పాడైన లెక్కతో డిస్కు మీద రాస్తే లాగ్ కాపాడబోయి డేటా మొత్తం పోగొట్టుకుంటాం. ప్యానిక్‌లో ఫైల్‌సిస్టమ్ జోలికి పోకూడదన్నది కెర్నెల్ రాసేవాళ్లు తెలిసి పెట్టుకున్న కట్టుబాటు.

మరణ వాంగ్మూలం ఇచ్చేది చనిపోతున్న మనిషే అయినా, దాన్ని రాసుకునేది పక్కన స్పృహలో ఉన్న వేరే మనిషి. క్రాష్ లాగ్ విషయంలో పనికొచ్చే పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి. కూలిపోతున్న కెర్నెల్‌తో వీలైనంత తక్కువ పని చేయించి, మిగతాది ఆ లోపం అంటని మరొకరికి అప్పజెప్పాలి. ఆ మరొకరు వైరుకు అవతల ఉన్న కంప్యూటర్ కావచ్చు, మదర్‌బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ కావచ్చు, ర్యామ్‌లో ముందే సిద్ధం చేసిపెట్టిన రెండో కెర్నెల్ కావచ్చు, తర్వాతి బూట్ కావచ్చు. మీరు ఏ పద్ధతి ఎంచుకోబోతున్నా, ఇందులో రాసేది ఎవరు అని అడగండి. జవాబు "అంతా కూలిన కెర్నెలే" అయితే ఆ పద్ధతిని నమ్మకండి.

బీఎస్‌డీ యూనిక్స్ వాళ్లు దీనికి ఎప్పుడో దారి చూపించారు. ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే స్వాప్ పార్టిషన్ మీద ఫైల్‌సిస్టమ్ ఉండదు. అక్కడ ఏం రాసినా చెడిపోయేది లేదు. కాబట్టి కూలేటప్పుడు మెమరీని నేరుగా స్వాప్‌లోకి ఒంపేస్తారు. ఇంటరప్ట్‌లు అక్కర్లేని చాలా సాదా కోడ్ ఆ పని చేస్తుంది. తర్వాతి బూట్‌లో సేవ్‌కోర్ అనే ప్రోగ్రాము దాన్ని తీసి వార్ క్రాష్ డైరెక్టరీలో పెడుతుంది. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. డంప్‌ను స్వాప్ మొదట్లో కాకుండా చివర్లో రాస్తారు. ఎందుకంటే బూట్ మొదట్లో డిస్క్ చెకింగ్ నడిచేటప్పుడు మెమరీ చాలక స్వాప్ వాడుకోవాల్సి వస్తే, మొదటి భాగం చెరిగినా డంప్ మిగులుతుంది. ఇలాంటి జాగ్రత్త కాగితం మీద ఆలోచిస్తే తట్టదు, డంప్‌లు పోగొట్టుకున్నవాళ్లకే తడుతుంది.

విండోస్ చేసేదీ దాదాపు ఇదే. అక్కడ స్వాప్‌కు బదులు పేజ్ ఫైల్. అది డిస్కులో ఎక్కడెక్కడ ఉందో బూట్ సమయంలోనే గుర్తుపెట్టుకుంటుంది. డిస్క్ డ్రైవర్‌కు క్రాష్ కోసమే విడిగా ఒక కాపీ ఉంచుకుంటుంది. నీలం తెర వచ్చినప్పుడు శాతం అంకె పెరుగుతూ కనిపిస్తుందే, అప్పుడు జరుగుతున్నది ఆ రాతే. తర్వాతి బూట్‌లో అది మెమరీ డాట్ డీఎంపీ అనే ఫైలు అవుతుంది. పేజ్ ఫైల్‌ను పూర్తిగా తీసేసి, డంప్ రావడం లేదేమని అడిగేవాళ్లకు కారణం ఇక్కడే ఉంది. ఇంటెల్ మ్యాక్‌లలో ప్యానిక్ లాగ్ కరెంటు పోయినా చెరగని ఎన్‌వీర్యామ్‌లోకి వెళ్లి, తర్వాతి బూట్‌లో డయాగ్నస్టిక్ రిపోర్ట్స్ ఫోల్డర్‌లో తేలుతుంది. వ్యవస్థలు వేరైనా ఆలోచన ఒకటే.

ఇప్పుడు లైనక్స్‌లో ఉన్న దారులు. వీటిలో సీరియల్ కన్సోల్, నెట్‌కన్సోల్ గురించి త్వరగా చెప్పేస్తాను. సీరియల్ కన్సోల్ పాతదే కానీ ఇప్పటికీ దాన్ని మించిన నమ్మకం లేదు. ఒక్కో అక్షరాన్ని పోర్టులోకి తోయడమే పని, రాసుకునేది వైరు అవతలి మెషీన్. 1,15,200 వేగంలో సెకనుకు సుమారు 11,500 అక్షరాలు పోతాయి, కూలే ముందు ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే స్టాక్ ట్రేస్‌కు అది ధారాళంగా సరిపోతుంది. సర్వర్లలో దూరం నుంచి నిర్వహించే ఐపీఎంఐ ఉంటే వైరు కూడా అక్కర్లేదు, సీరియల్ ఓవర్ ల్యాన్ ఉంది. చాలామంది దాన్ని చూడ్డానికే వాడతారు గానీ అవతల దాన్ని ఫైల్లోకి ఎక్కించరు. చూసే మనిషి లేనప్పుడు వచ్చిన క్రాష్ అలా పోతుంది. నెట్‌కన్సోల్ అయితే మెసేజ్‌లను యూడీపీ ప్యాకెట్లుగా ఇంకో మెషీన్‌కు పంపుతుంది. చేరాయో లేదో చూసుకోదు, ఎన్‌క్రిప్షన్ లేదు, నెట్‌వర్క్ కార్డు డ్రైవరే కూలితే పనిచేయదు. అయినా పది నిమిషాల్లో పెట్టుకోవచ్చు కాబట్టి ఏమీ లేనిచోట ఇది పెట్టండి.

పీస్టోర్ గురించి మాత్రం కొంచెం నిదానంగా మాట్లాడాలి. ఉన్నవాటిలో అందరూ వాడగలిగేది ఇదే. మీ మెషీన్‌లో ఇప్పటికే ఉండి కూడా మీకు తెలియకపోయే అవకాశం ఎక్కువ. 2011లో 2.6.39 కెర్నెల్‌తో వచ్చింది. రీబూట్ అయినా చెరిగిపోని చిన్న జాగా ఏదైనా మెషీన్‌లో ఉంటే, కూలేటప్పుడు రింగ్ బఫర్ చివరి భాగాన్ని అందులో పెట్టి, తర్వాతి బూట్‌లో ఫైళ్లుగా చూపిస్తుంది. ఆ జాగా సర్వర్లలో ఏసీపీఐ ప్రమాణంలోని ఈఆర్‌ఎస్‌టీ అనే లోపాల నిల్వ కావచ్చు, మామూలు ల్యాప్‌టాప్‌లలో యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్ దాచుకునే వేరియబుల్స్ కావచ్చు, ఫోన్లలో, బోర్డులలో ర్యామ్‌లోనే పక్కన పెట్టిన ఒక ముక్క కావచ్చు.

ఆ ర్యామ్ ముక్క పద్ధతిని ర్యామ్-ఊప్స్ అంటారు. రీబూట్ అయితే ర్యామ్ చెరిగిపోతుందని ఇందాక చెప్పి, ఇప్పుడు ర్యామ్‌లోనే దాచమంటున్నానేమని అడగొచ్చు. నిజానికి కరెంటు ఆగకుండా రీసెట్ అయితే ర్యామ్‌లో ఉన్నది అలాగే ఉంటుంది. కరెంటు ఆగినా కొన్ని క్షణాలు నిలుస్తుంది. ఎన్‌క్రిప్షన్ తాళాలను ర్యామ్‌లోంచి ఇలా దొంగిలించవచ్చని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. వాళ్లకు దాడిగా కనిపించిన గుణమే మనకు ఇక్కడ ఆసరా. మామూలుగా పాత లాగ్ పోవడానికి కారణం, కొత్త కెర్నెల్ ఆ చోటును మరో పనికి వాడేసుకోవడం. ఫలానా అడ్రస్ నుంచి ఇంత మేర ముట్టుకోవద్దని ముందే చెబితే అది పదిలంగా ఉంటుంది. ఒకటీ అరా బిట్లు తారుమారైనా సరిదిద్దుకోవడానికి ఈసీసీ పెట్టుకునే సెట్టింగ్ కూడా ఉంది. అది ఆన్ చేయండి. కొన్ని బూట్‌లోడర్లు ర్యామ్ మొత్తాన్ని తుడిచేస్తాయి, అలాంటి బోర్డు మీద ర్యామ్-ఊప్స్ పనిచేయదు. మీ బోర్డు ఏ రకమో కనిపెట్టడానికి ఒకసారి కూల్చి చూడటం తప్ప వేరే మార్గం లేదు.

యూఈఎఫ్‌ఐ వేరియబుల్స్‌లో చోటు చాలా తక్కువ, అందుకే లాగ్‌ను చిన్న ముక్కలుగా కోసి పెడుతుంది. చదివేటప్పుడు గుర్తుంచుకోండి: పార్ట్ 1 అంటే లాగ్ మొదలు కాదు, చివర. క్రాష్‌కు దగ్గరగా ఉన్న లైన్లు అందులో ఉంటాయి. ముక్కలను వెనక నుంచి ముందుకు పేర్చుకుంటే కథ వరసగా వస్తుంది. చోటు తక్కువ కాబట్టి పాతవి తీసేయకపోతే కొత్త క్రాష్‌కు జాగా ఉండదు. సిస్టమ్‌డీ 243 నుంచి దీనికోసమే ఒక సర్వీస్ ఉంది. బూట్‌లో ఆ ఫైళ్లను వార్ లిబ్ సిస్టమ్‌డీ పీస్టోర్‌కు తరలించి, ఫర్మ్‌వేర్‌లో చోటు ఖాళీ చేస్తుంది. ఈ ఖాళీ చేయడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 2013లో ఆ వేరియబుల్స్ జాగా మితిమీరి నిండిన కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్లీ బూటే కాలేదు. తప్పు ఫర్మ్‌వేర్‌దే అయినా, ఆ తర్వాత లైనక్స్ అక్కడ ఆచితూచి రాయడం నేర్చుకుంది.

మీలో చాలామంది సిస్టమ్‌లలో ఆ డైరెక్టరీలో పాత క్రాష్‌లు ఇప్పటికే పడి ఉంటాయి. సిస్ ఎఫ్‌ఎస్ పీస్టోర్, వార్ లిబ్ సిస్టమ్‌డీ పీస్టోర్, ఈ రెండూ ఇవాళే ఒకసారి చూడండి.

పీస్టోర్ ఇచ్చేది లాగ్ మాత్రమే. కొన్ని బగ్‌లకు అది చాలదు. ఏ స్ట్రక్చర్‌లో ఏ విలువ ఉంది, ఆ లాక్ ఎవరి చేతిలో ఉంది, మిగతా టాస్క్‌లు ఏం చేస్తున్నాయి అని చూడాలంటే మెమరీ మొత్తం కావాలి. దానికి కేడంప్. 2005లో 2.6.13తో వచ్చింది. బూట్ సమయంలోనే క్రాష్‌కెర్నెల్ అనే పారామీటర్‌తో కొంత ర్యామ్ పక్కన పెట్టి, అందులో ఒక రెండో కెర్నెల్‌ను ఎక్కించి ఉంచుతాం. మొదటిది కూలగానే, ఫర్మ్‌వేర్ దాకా వెళ్లకుండా, నేరుగా ఆ రెండోదానిలోకి దూకుతుంది. అది తన చిన్న జాగాలోనే బతుకుతూ, పాత కెర్నెల్ మెమరీని ప్రాక్ వీఎంకోర్ అనే ఫైలుగా చూస్తుంది. ఇక్కడ రాసేది పూర్తి ఆరోగ్యంతో ఉన్న కొత్త కెర్నెల్. దాని లాక్‌లు దానివి, దాని ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ దానిది. అందుకే అది నిశ్చింతగా డిస్కు మీద రాయగలదు, ఎస్‌ఎస్‌హెచ్‌తో ఇంకో మెషీన్‌కు పంపగలదు.

256 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో డంప్ కూడా అంతే అవుతుందేమో అని భయపడకండి. మేక్‌డంప్‌ఫైల్ అనే ప్రోగ్రాము సున్నాలున్న పేజీలు, ఫైల్ కాష్, యూజర్ ప్రోగ్రాముల పేజీలు, ఖాళీ పేజీలు వదిలేసి మిగతాది కంప్రెస్ చేస్తుంది. కెర్నెల్ సొంత డేటా మొత్తం మెమరీలో చిన్న భాగమే. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో కేడంప్ ముందుగా లాగ్‌ను మాత్రమే విడిగా ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి, తర్వాతే పెద్ద డంప్ మొదలుపెడుతుంది. చాలా తెలివైన వరస అది. డిస్కులో చోటు చాలక డంప్ మధ్యలో ఆగినా లాగ్ దక్కుతుంది.

కేడంప్ పెట్టామంటే పని అయిపోయిందనుకునేవాళ్లు ఎక్కువ, అసలు ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి. పక్కన పెట్టిన మెమరీ చాలకపోతే రెండో కెర్నెల్ మెమరీ అయిపోయి తానే కూలుతుంది, డంప్ రాదు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే దాన్ని తెరవడానికి పాస్‌వర్డ్ ఎవరు ఇస్తారు? రాత్రి రెండింటికి అక్కడ ఎవరూ లేరు. హార్డ్‌వేర్‌ను రీసెట్ చేయకుండానే రెండో కెర్నెల్‌లోకి వచ్చాం కాబట్టి, కొన్ని కార్డులు సగం పనిలో ఉంటాయి, వాటి డ్రైవర్లు కొన్ని ఈ స్థితి తట్టుకోలేవు.

ఇంకో మెలిక చాలామందికి తెలియదు. పీస్టోర్, కేడంప్ రెండూ పెట్టుకుంటే రెండిట్లోనూ లాగ్ వస్తుందనుకుంటాం. డిఫాల్ట్‌గా అలా జరగదు. కేడంప్ కెర్నెల్ ఎక్కించి ఉంటే, ప్యానిక్ రాగానే కెర్నెల్ ముందు అందులోకే దూకేస్తుంది. పీస్టోర్ వంతు రాదు. ఇక కేడంప్ ఏ కారణంతోనో విఫలమైందనుకోండి, రెండూ లేవు. వరస మార్చే బూట్ పారామీటర్ ఉంది, క్రాష్ కెక్జెక్ పోస్ట్ నోటిఫయర్స్ అంటారు. దాన్ని పెడితే ముందు పీస్టోర్ రాసి తర్వాత దూకుతుంది. కానీ దాంతో కూలుతున్న కెర్నెల్ చేత కొంచెం ఎక్కువ పని చేయించినట్టవుతుంది, కేడంప్ నమ్మకం ఆ మేరకు తగ్గుతుంది. మీ సిస్టమ్‌లో ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి. కేడంప్‌ను పరీక్షించి నమ్మకం కుదిరిన సర్వర్లలో డిఫాల్ట్‌ను కదపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వర్చువల్ మెషీన్ల వాళ్లకు అదృష్టం కొంచెం ఎక్కువ. రాసుకునే మనిషి బయట ఎలాగూ ఉన్నాడు. లోపలి మెషీన్, అంటే గెస్ట్, కూలితే బయటి హోస్ట్‌కు కబురు పంపే పీవీప్యానిక్ అనే పరికరం వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూలో ఉంది. కబురు అందగానే గెస్ట్ మెమరీని హోస్టే బయటినుంచి డంప్ తీయొచ్చు. లోపల ఏ ఏర్పాటూ అక్కర్లేదు.

సరే, లాగ్ దొరికింది. ఇప్పుడు అసలు మాట. దాన్ని చదవడానికి కావాల్సినవి మీరు దాచారా? స్టాక్ ట్రేస్‌లో ఫంక్షన్ పేరు, దాని మొదలు నుంచి ఎన్ని బైట్ల దూరం, ఫంక్షన్ మొత్తం సైజు ఉంటాయి. ఆ బైట్ల దూరం సోర్స్‌లో ఏ లైనో చెప్పగలిగేది సరిగ్గా అదే బిల్డ్‌కు చెందిన, డీబగ్ సమాచారం ఉన్న, వీఎంలైనక్స్ అనే కంపైలైన కెర్నెల్ ఫైలు ఒక్కటే. అదే సోర్స్‌ను మళ్లీ కంపైల్ చేసుకుందాంలే అంటే కుదరదు, కంపైలర్ వెర్షన్ కాస్త మారినా లెక్క తప్పుతుంది. తప్పని తెలియకుండా తప్పే లెక్క అది, మిమ్మల్ని వేరే లైను దగ్గరికి తీసుకెళ్లి వారం తిప్పుతుంది. కాబట్టి బయటికి పంపే ప్రతి బిల్డ్‌కూ వీఎంలైనక్స్, మాడ్యూళ్ల డీబగ్ ఫైళ్లు, కాన్ఫిగ్, బిల్డ్ ఐడీతో సహా దాచండి. కెర్నెల్ అడ్రస్‌లు ప్రతి బూట్‌కూ మారే సౌకర్యం, అదే కేఏఎస్‌ఎల్‌ఆర్, ఆన్‌లో ఉంటే ప్యానిక్ చివర్లో కెర్నెల్ ఆఫ్‌సెట్ అని ఒక లైను వస్తుంది. లాగ్ కత్తిరించేటప్పుడు దాన్ని పారేయకండి.

అసలు కత్తిరించకండి. బగ్ రిపోర్ట్‌లో కాల్ ట్రేస్ మాత్రమే పెట్టి, మిగతాది చెత్త అని తీసేస్తుంటారు. ఆ చెత్తలోనే జవాబు ఉంటుంది. నల్ పాయింటర్ లోపం అడ్రస్ 8 దగ్గర వచ్చిందంటే, ఒక నల్ పాయింటర్‌ను స్ట్రక్చర్ అనుకుని అందులో 8వ బైట్ దగ్గరున్న ఫీల్డ్‌ను చదవబోయారన్నమాట. ఏ ఫీల్డో స్ట్రక్చర్ చూస్తే తెలిసిపోతుంది. ఫ్రీ చేసిన మెమరీని గుర్తు బైట్లతో నింపే స్లాబ్ పాయిజనింగ్ ఆన్‌లో ఉన్న కెర్నెల్‌లో ఒక రిజిస్టర్ నిండా 6బీ6బీ6బీ అని కనిపిస్తే, ఫ్రీ చేసేసిన మెమరీని ఎవరో మళ్లీ వాడారు. టెయింటెడ్ అనే లైను బయటి మాడ్యూల్ ఏదైనా ఎక్కిందా, ఇంతకుముందే ఏదైనా వార్నింగ్ వచ్చిందా అన్నది చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మొదటి ఊప్స్, అంటే ప్యానిక్ దాకా వెళ్లని కెర్నెల్ లోపం. ఊప్స్ వచ్చినప్పుడు లైనక్స్ ఆ ఒక్క ప్రాసెస్‌ను చంపి ముందుకు సాగడానికి చూస్తుంది. దాని చేతిలోని లాక్‌లు అలాగే ఉండిపోతాయి, ఆ తర్వాత ఇంకో పది చోట్ల కూలుతుంది. తెర మీద మనకు కనిపించేది పదోది. డీబగ్ చేయాల్సింది మొదటిది. సర్వర్లలో ప్యానిక్ ఆన్ ఊప్స్ పెట్టమని నేను చెప్పేది ఇందుకే. మొదటి తప్పు దగ్గరే ఆగితే సాక్ష్యం కలుషితం కాదు.

ఇలా దాచినదానికి ఎంత విలువ ఉంటుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు కూలిపోయాయి. ఆ మెషీన్ల నుంచి వచ్చిన క్రాష్ డంప్‌లను మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు తెరిచి చూశారు, క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ హద్దు దాటి మెమరీ చదివిందని నిర్ధారించుకున్నారు. ఒకచోట 21 ఇన్‌పుట్‌లు ఉంటాయని నిర్వచించి, కోడ్ మాత్రం 20 మాత్రమే ఇవ్వడం దీనికి మూలమని క్రౌడ్‌స్ట్రైక్ తర్వాత తన నివేదికలో రాసింది. లోపం ఒక్క అంకెలో ఉంది. డంప్ లేకుండా దాని గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు, ఉంటే చూసి చెప్పొచ్చు.

అయితే డంప్‌లో ఉండేది లోపం ఒక్కటే కాదు. పాస్‌వర్డ్‌లు, ఎన్‌క్రిప్షన్ తాళాలు, జనం ఫైళ్లలోని ముక్కలు, అప్పుడు మెమరీలో ఏముంటే అది వస్తుంది. 2023లో మైక్రోసాఫ్ట్ సంతకం తాళం ఒకటి దాడి చేసినవాళ్ల చేతికి చిక్కిన ఘటనలో, అది 2021 నాటి ఒక క్రాష్ డంప్ ద్వారా బయటపడి ఉండొచ్చని ఆ సంస్థ మొదట చెప్పింది. ఆ తాళం ఉన్న డంప్ ఏదీ తమకు దొరకలేదని 2024లో సవరించుకుంది. అక్కడ నిజంగా ఏం జరిగినా, అలా జరగడం సాధ్యమేనని అంత పెద్ద సంస్థే భావించింది. కాబట్టి డంప్‌ను సర్వర్‌లాగే కాపాడండి. యూజర్ పేజీలు వదిలేసే ఫిల్టర్ పెట్టండి, రూట్ తప్ప ఎవరూ చదవకుండా చూడండి, బయటివాళ్లకు ఇవ్వాల్సి వస్తే ముందు లాగ్ మాత్రమే ఇవ్వండి. దాంతో అవసరం తీరని సందర్భాలు నిజానికి తక్కువే.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పండి.

ఆయన అడుగుతున్నది, మెషీన్ కూలదు, బిగుసుకుపోతుంది, అప్పుడు ఏం చేయాలి అని. మంచి ప్రశ్న. హ్యాంగ్ అయితే ప్యానిక్ రాదు, ప్యానిక్ రాకపోతే పీస్టోర్ గానీ కేడంప్ గానీ కదలవు. చివరికి ఎవరో వచ్చి పవర్ బటన్ నొక్కుతారు, సాక్ష్యం మొత్తం పోతుంది. కాబట్టి హ్యాంగ్‌ను ప్యానిక్‌గా మార్చాలి. ఒక సీపీయూ 20 సెకన్లు కెర్నెల్‌లోనే ఇరుక్కుపోతే సాఫ్ట్ లాకప్ అని లైనక్స్ కనిపెడుతుంది. ఇంటరప్ట్‌లు కూడా ఆగిపోతే హార్డ్ లాకప్ డిటెక్టర్ ఉంది. ఈ రెండిటికీ ప్యానిక్ అవ్వమని చెప్పే సెట్టింగ్‌లు విడిగా ఉన్నాయి, అవి ఆన్ చేయండి. మెషీన్ స్పందించకపోతే రీసెట్ చేసే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ వాడేవాళ్లు ప్రీటైమౌట్ కూడా పెట్టండి. లేకపోతే వాచ్‌డాగ్ నేరుగా రీసెట్ కొడుతుంది, లాగ్‌కు సమయమే ఉండదు. ప్రీటైమౌట్ ఉంటే రీసెట్‌కు కొన్ని సెకన్ల ముందు కెర్నెల్‌కు ఒక ఇంటరప్ట్ ఇస్తుంది, ఆ సెకన్లలో ప్యానిక్ అయ్యి రాయొచ్చు.

ఆవిడ అడుగుతున్నది డెస్క్‌టాప్ గురించి. గ్రాఫిక్స్ తెర మీద ఉన్నప్పుడు ప్యానిక్ వస్తే ఇన్నాళ్లూ బొమ్మ బిగుసుకుపోవడం తప్ప ఏమీ కనిపించేది కాదు. 6.10 కెర్నెల్ నుంచి డీఆర్‌ఎం ప్యానిక్ అని వచ్చింది, గ్రాఫిక్స్ మీదే ప్యానిక్ మెసేజ్ చూపిస్తుంది. 6.12 నుంచి ఆ లాగ్‌ను క్యూఆర్ కోడ్‌గా కూడా చూపగలదు. ఫోన్‌తో ఫొటో తీస్తే లాగ్ మీ చేతిలో ఉంటుంది. ఫోన్ ఎలాగూ ఆరోగ్యంగానే ఉంది కదా, రాసుకునేది అదే.

ఎలా పరీక్షించాలి అని వెనక నుంచి అడుగుతున్నారు. ప్రాక్ సిస్‌ఆర్‌క్యూ ట్రిగర్ ఫైల్లో రూట్‌గా సీ అనే చిన్న అక్షరం రాస్తే కెర్నెల్ వెంటనే కూలుతుంది. డేటా సింక్ చేశాకే, వాడుకలో లేని మెషీన్ మీదే చేయండి. కానీ అది చాలా మర్యాదగా కూలడం. నిజమైన క్రాష్‌లు ఇంటరప్ట్ మధ్యలోనో, లాక్ పట్టుకునో వస్తాయి. ఎల్‌కేడీటీఎం అనే మాడ్యూల్ అలాంటి చోట్ల కావాలని కూల్చడానికే ఉంది, దాంతో కూడా చూడండి. కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ పరీక్షించండి. కొత్త కెర్నెల్‌కు మెమరీ కొంచెం ఎక్కువ పట్టి, నిన్నటిదాకా పనిచేసిన కేడంప్ ఇవాళ చడీచప్పుడు లేకుండా ఆగిపోవడం మామూలే.

చివరి ప్రశ్న, బ్యాటరీతో నడిచే బోర్డు. క్రాష్ అయితే జనం బ్యాటరీ ఊడదీసి మళ్లీ పెడతారు, కాబట్టి ర్యామ్-ఊప్స్ పనికిరాదంటున్నారు. నిజమే. మీ బోర్డు మీద ఫ్లాష్ చిప్‌ను లైనక్స్ ఎంటీడీగా నేరుగా నడుపుతుంటే, ఒక చిన్న పార్టిషన్ దీనికే కేటాయించి ఎంటీడీ-ఊప్స్ గానీ, 5.8 కెర్నెల్ నుంచి ఉన్న ఎంటీడీ-పీస్టోర్ గానీ వాడండి. అవి ప్యానిక్‌లో ఫైల్‌సిస్టమ్‌ను ముట్టుకోకుండా నేరుగా ఫ్లాష్‌లోకి రాస్తాయి. సొంత కంట్రోలర్ ఉన్న ఫ్లాష్, అదే ఈఎంఎంసీ, అయితే చిక్కు. ప్యానిక్ సమయంలో రాయగలిగే దారి ఆ డ్రైవర్‌లో ఉండాలి, మామూలుగా ఉండదు. అప్పుడు ర్యామ్-ఊప్స్ పెట్టి, కెర్నెల్ ప్యానిక్ పారామీటర్‌తో 1 సెకనులో తనంతట తాను రీబూట్ అయ్యేట్టు చేయండి. మనిషి చెయ్యి బ్యాటరీ దాకా వెళ్లేలోపే బోర్డు తిరిగి లేస్తుంది. బూట్ మొదట్లోనే ఆ లాగ్‌ను డిస్కుకు తరలించే సర్వీస్‌ను మిగతా అన్నిటికంటే ముందు నడిచేట్టు పెట్టండి.